ఆగని సర్వర్ అడిగిన తాళంచెవి

"పాస్‌వర్డ్ తెలిసింది నాకొక్కదానికే సార్. మరి డిస్కు ఎవరు తెరిచారు?"

సర్వర్ల ఇంజనీరు ఈ మాట అనడం అప్పటికి మూడోసారి. ఆమె చూసుకునే మానసిక వైద్యశాల సర్వర్ ఊరవతల బ్రాంచిలో ఉంది. అందులోంచి ఓ కాంట్రాక్టరు తీసుకున్న చికిత్స వివరాలు ఊరంతా పొక్కాయి. సాయంత్రంలోగా దొంగ తేలకపోతే ఆమె మీదే కేసు పెడతానన్నారు పెద్ద డాక్టరు.

"పాస్‌వర్డ్ ఎక్కడైనా రాసుకున్నావా అమ్మా?" అన్నారు డిటెక్టివ్ మేష్టారు.

"ఇంట్లో డైరీలో. మావారు తప్ప ఎవరూ చూడరు. మీరేనా అని అడిగేశాను సార్. నాలుగు రోజులుగా మా మధ్య మాటల్లేవు." ఆమె ఏడ్చేసింది.

మేష్టారు, ఆయన అసిస్టెంటు, ఆమె ముగ్గురూ బ్రాంచికి వెళ్ళారు. మేష్టారి బుర్ర పాదరసమని నమ్మే అసిస్టెంటుకి మాత్రం అంతా అయోమయంగానే ఉంది.

"కరెంటు పోయినప్పుడల్లా పాస్‌వర్డ్ కొట్టడానికి ఇంతదూరం వస్తావా?" అన్నారు మేష్టారు.

"లేద్సార్. సర్వర్ లేవగానే ఆ గోడమీది పెట్టెని అడుగుతుంది. అది తీగలోంచి తాళంచెవి, అంటే ఓ రహస్య సంఖ్య, ఇస్తుంది, డిస్కు తెరుచుకుంటుంది. బయటికి ఎత్తుకుపోతే తెరుచుకోదు."

పెట్టెలోని చిట్టా తెరిపించారు. మంగళవారం పదకొండింటికి అది తాళంచెవి ఇచ్చింది.

"మంగళవారం సర్వర్ ఆగనేలేదే!" ఆమె తెల్లబోయింది.

ఆగనిది తాళంచెవి ఎందుకడుగుతుంది? అసిస్టెంటు తల గోక్కుంది.

"డిస్కులెన్ని?" అన్నారు మేష్టారు.

"రెండు సార్, ఒకేలాంటివి. ఒకటి తీసినా రెండోది నడిపిస్తుంది. తిరిగి పెడితే మొత్తం మళ్ళీ రాసుకుంటుంది. అవును, మంగళవారం అలాగే రాసుకుంది! పాతదైపోయి మొరాయిస్తోందనుకున్నాను."

"పెట్టె తీగ ఇంకెక్కడికి వెళ్తుంది?"

"మేనేజరుగారి గదికి. అంతే."

మేనేజరు స్వయానా పెద్ద డాక్టరు బావమరిది. మేష్టారు పెద్ద డాక్టర్ని కూడా పిలిపించి, అందర్నీ ఆ గదిలోనే కూర్చోబెట్టారు.

"పాస్‌వర్డ్ ఎవరూ దొంగిలించలేదు. సర్వర్ నడుస్తుండగానే ఒక డిస్కు లాగి, ఈ లాప్‌టాప్‌కి తగిలించి, ఈ తీగ కలిపారు. అడిగేది ఎవరో పెట్టె చూడదు. ఈ తీగమీంచి అడిగితే చాలు, ఇచ్చేస్తుంది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, పాపం పెట్టె ఎంత! పని కాగానే డిస్కు మళ్ళీ పెట్టేశారు. ఈ గది తాళం ఎవరి దగ్గరుంటుందండీ?"

మేనేజరు చెయ్యి లాప్‌టాప్ మీదికి పోయింది. అసిస్టెంటు ముందే లాగేసుకుంది.

"ఆ కాంట్రాక్టరు నలుగురిలో నా పరువు తీశాడు బావా, అందుకే..." అంటూ నీళ్ళు నమిలాడతను.

పెద్ద డాక్టరు తల దించుకుని, "రేపట్నించి మామూలుగా రా అమ్మా," అన్నారు. ఆమె వినిపించుకోలేదు. భర్తకి ఫోను చేసింది.

"ఏమండీ... దొంగ దొరికాడు. మీరు కాదు."



"అది నాకు తెలుసుగా," అన్నాడాయన.