పన్నెండు పట్టీలు

2083 నాటికి విశాఖపట్నంలో పేపరు చదివేవాళ్ళు లేరు. వార్తలు, పాటలు, పెళ్ళిపిలుపులు అన్నీ కంటి అద్దంలోకే వచ్చి వాలేవి. ఏ కొత్త పరికరమైనా ఇళ్ళలోకి వెళ్ళాలంటే ముందు నవమాధ్యమ మండలి దాన్ని మాధ్యమమని ఒప్పుకోవాలి. లేదంటే మూలన పడాల్సిందే. మండలి అధ్యక్షురాలు ప్రొఫెసర్ హైందవి. మాధ్యమమంటే పంపేవారు ఉండాలి, అందుకునేవారు ఉండాలి, మధ్యలో సందేశం ఉండాలి అన్న నిర్వచనం ఆవిడదే. ముప్పై ఏళ్ళుగా ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఆవిడ పేరుతోనే ఉంది.

ఆ రోజు మండలి ముందుకు వచ్చింది భావవాహిని. నుదుటికి కట్టుకునే సన్నటి పట్టీ. అందులోని న్యూరల్ సెన్సార్లు ఒకరి మనసులోని భావాన్ని మాటా బొమ్మా లేకుండా ఇంకొకరి మనసులో పుట్టిస్తాయి. కనిపెట్టింది చార్విక్, ఒకప్పుడు ఆవిడ శిష్యుడే. మాటే లేని చోట సందేశమేమిటి, ఆ పాత నిర్వచనం ఇక మార్చాలి అని ఊరంతా వాదన మొదలైంది. అదుగో, అక్కడే హైందవికి ఒళ్ళు మండింది. నిన్నగాక మొన్న తన దగ్గర ఓనమాలు దిద్దుకున్నవాడు! పుస్తకాల్లో తన పేరు కొట్టేసి వాడి పేరు రాస్తారట. మూడు రోజులుగా ఆవిడకు అన్నం సయించలేదు.

పరికరాన్ని వాడి చూడనిదే తీర్పు చెప్పకూడదన్నది మండలి ఆచారం. పదకొండు మంది సభ్యులూ అందుకునే పట్టీలు కట్టుకున్నారు. పంపే పట్టీని చార్విక్ మనుషుల చేతిలో పెట్టడానికి మాత్రం హైందవి ససేమిరా అంది. తానే కట్టుకుంది. రాయిలా కూర్చుంటాను, ఏం పంపుతుందో చూద్దాం అనుకుంది. ఎదురుగా నిలబడ్డ చార్విక్‌నే చూస్తూ పది నిమిషాలు కూర్చుంది.

తర్వాత ఓట్లు. పదకొండుకు పదకొండూ చార్విక్‌కు వ్యతిరేకమే. కారణం అడిగితే ఒక్కరూ సరిగా చెప్పలేకపోయారు. తమకేమీ అందలేదన్నారు. అసలు ఇతని వాలకమే నచ్చలేదని, ఇంత చిన్న వయసులో అంత పేరు దేనికని సణిగారు. పొద్దున అతన్ని నెత్తిన పెట్టుకున్నది వీళ్ళే.

చార్విక్ ఒక్కొక్కరినీ చూశాడు. చివరికి హైందవి నుదుటి పట్టీ వైపు చూశాడు.

"మీ నిర్వచనం మార్చక్కర్లేదు మేడమ్," అన్నాడు మెల్లగా. "పంపింది మీరు. అందుకుంది పదకొండు మంది. సందేశం ఏమిటో నేను చెప్పను, మీకు తెలుసు."

హైందవి మళ్ళీ అతన్నే చూసింది. తన నిర్వచనం నిలిచింది, పేరూ నిలిచింది. సంతోషించాల్సిందే. కానీ ఈ వాదన తనకు తట్టకుండా వీడికెలా తట్టింది అనుకుంది, అంతే.

ఇంకా పట్టీలు తీయని పదకొండు మందీ చార్విక్‌ను మళ్ళీ గుర్రుగా చూశారు.