పట్టు వదిలిన చెయ్యి

వదిన మెట్లు దిగి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. రోజూ అయితే వస్తూనే కుర్చీ లాక్కుని, పొయ్యి మీది గిన్నె మూత తీసి చూసి, ఉప్పు తక్కువైందనో కారం ఎక్కువైందనో అనందే కూర్చోదు. ఆ రోజు చెప్పులు కూడా విప్పలేదు. మరదలి వంక కాకుండా ఆమె కుట్టుమిషన్ చక్రం వంక చూస్తూ మాట్లాడింది.

"రేపు మధ్యాహ్నం బళ్లో మీటింగు. కుస్తీలో ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ విడదియ్యమని తల్లిదండ్రులందరం అడుగుతున్నాం. నువ్వూ వచ్చి చెప్పాలి అమ్మాయ్. ఆడపిల్ల తల్లివి నువ్వే వద్దన్నాక ఇంకెవరూ నోరెత్తరు."

మరదలు మిషనమ్మ సూదిలోకి దారం ఎక్కించుకుంది. బస్సు సీట్లకూ సోఫాలకూ రెగ్జిన్ తొడుగులు కుట్టే దుకాణంలో పని చేస్తుంది కనుక వీధిలో అందరూ ఆమెను మిషనమ్మ అనే పిలుస్తారు. దుకాణంలో మిగిలిన పని ఇంటికి తెచ్చుకుంటుంది. ఆ పని మీదే తల వంచుకుని ఉండిపోయింది.

"పొద్దున వాడు గ్లాసు పట్టుకోలేకపోయాడు" అంది వదిన. "నేను చూడనట్టు అటు తిరిగాను... చూశానని వాడికి తెలుసు."

ఆ మాట అని పైకి వెళ్లిపోయింది. మెట్ల మీద ఆవిడ అడుగుల చప్పుడు ఆగేదాకా మిషనమ్మ సూది కదపలేదు.

పై వాటాలో మంచం మీద, మెడకు పట్టీతో, ఎడమ చెయ్యి దిండు మీద పెట్టుకుని పడుకున్నవాడు వదినకు ఒక్కగానొక్క కొడుకు. భర్త పోయాక మందుల షాపులో రోజంతా నిలబడి పని చేసి వాణ్ని పెంచింది. ఎత్తు వల్ల అందరికీ పొడుగోడు. కింద వాటాలో మిషనమ్మ కూతురు పిడుగు. ఇద్దరూ ఒక పళ్లెంలో తిని పెరిగారు, ఒక బళ్లో చదువుతున్నారు, ఒక బరువు తూగుతారు. బడిలో కుస్తీ జట్టు ఒక్కటే. బరువు కలిస్తే చాలు, ఆడా మగా అని చూడరు. కిందటి వారం జట్టు ఎంపిక కోసం జరిగిన పోటీలో పిడుగు బావను ఎత్తి వేసింది. వాడు మెడా భుజమూ కలిసేచోట నేలకు తగిలాడు. నరం సాగిందన్నాడు డాక్టరు. చెయ్యి మళ్లీ పని చెయ్యవచ్చు, చెయ్యకపోవచ్చు, చూడాలన్నాడు. ఆ 'చూడాలి' అన్న మాటతోనే రెండు వాటాల్లోనూ తెల్లవారుతోంది, పొద్దుగూకుతోంది.

వీధిలో మాట వీధిలో పుడుతూనే ఉంది. ఆడపిల్లకు అంత బలుపేమిటన్నారు. ఒక ఇంట్లో పెరిగిన బావను కుళ్లబొడిచిందన్నారు. పిడుగు విన్నది. మాటకు మాట అప్పజెప్పే పిల్ల అన్నం ముందు కూర్చుని వేళ్లతో మెతుకులు లెక్కపెడుతోంది. రోజూ సగం మెట్లెక్కి, అక్కడే కాసేపు నిలబడి, దిగి వచ్చేస్తోంది.

ఆ పిల్లకు చదువు అంటలేదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు ఒకచోట నిలవవని ఏడ్చేది. తరగతి తప్పింది. తనకంటే చిన్నవాళ్ల పక్కన వెనక బెంచీలో కూర్చుంది. ఒకరోజు కాలు బెణికిన స్నేహితురాలిని వీపున వేసుకుని మైదానం దాటడం చూసి కోచ్ మేడం కుస్తీకి పిలిచింది. ఆ తర్వాత బడికి వెళ్లనని ఆ పిల్ల ఒక్క పొద్దునా అనలేదు. జట్టులో ఇంకొక ఆడపిల్ల ఉంది కానీ, పిడుగు మాటల్లో చెప్పాలంటే ఆ పిల్లను సంచిలో వేసుకుని బజారుకు వెళ్లి రావచ్చు. విడదీస్తే పిడుగుకు ఎదురు నిలబడేవాళ్లు లేరు. విడదీయడమంటే ఆ పిల్లకు ఆ తలుపు మూసేయడమే. ఇది వదినకూ తెలుసు.

డ్యూటీ దిగి వచ్చిన భర్తకు మిషనమ్మ విషయం చెప్పింది. అతను బస్సు డ్రైవరు. తల్లి పోయినప్పటి నుంచి అక్క, అంటే ఈ వదినే, చంకనేసుకుని పెంచిన మనిషి. అక్క అడిగింది చెయ్యమన్నాడు, ఆవిడకు తాను ఎదురు చెప్పలేనన్నాడు. చొక్కా మార్చుకుంటూ, అయినా పిల్ల మొహం చూస్తుంటే... అని ఆగిపోయాడు.

వాళ్లెవరికీ తెలియనిది మిషనమ్మకు తెలుసు. ఆ రోజు పోటీ చూడడానికి తను వెళ్లింది. మొదటి వరసలోనే కూర్చుంది. పిడుగు బావ కుడి చేతిని చంకలో బిగించి నడుము తిప్పింది. ఇద్దరి కాళ్లూ లేచాయి. అలాంటప్పుడు పడేవాడు పట్టు వదలకూడదు. వదలకుంటే ఇద్దరూ ఒక ముద్దగా దొర్లుతారు, దెబ్బ వీపంతా పంచుకుంటుంది. కోచ్ మేడం ఎవరికైనా మొదట నేర్పేది అదే. పొడుగోడు పిడుగు మెడ చుట్టూ ఉన్న ఎడమ చేతిని వదిలేశాడు. జారిపోలేదు... వదిలేశాడు. వదిలే ముందు వాడి కళ్లు మొదటి వరస కేసి తిరిగాయి.

ఎందుకంటే ఆ పొద్దున వాడు వంటింట్లోకి వచ్చాడు. కుస్తీ డ్రెస్సు భుజం దగ్గర పిగిలితే అత్తయ్యే కుట్టాలి. ముందురోజు పిడుగు చెవి వాచి ఇంటికొచ్చింది. అది చూసినప్పటి నుంచి మిషనమ్మకు గుండెల్లో గుబులు. డ్రెస్సు చేతికిస్తూ, పిడుగును మరీ బిగించకు నాయనా, దాని మెడ మీద పడేట్టుంటే చెయ్యి వదిలెయ్, అంది. పొడుగోడు నవ్వాడు. అది తనను ఎక్కడ పడేస్తుందోనని తాను వణుకుతుంటే అత్తయ్య బాధ ఇంకోలా ఉందన్నాడు. ఆమె నవ్వలేదు. వాడి చెయ్యి లాక్కుని తన నెత్తిన పెట్టుకుంది.

"నా మీద ఒట్టు."

అంతే. చిన్నప్పటి నుంచి అత్తయ్య మీద ఒట్టంటే తప్పని పిల్లాడు.

రిఫరీ పిడుగు చెయ్యి పైకెత్తాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల నలుగురి ముందు దేంట్లోనూ గెలవలేదు, గెలిచినా ప్రాక్టీసులోనే. ఆ ఎత్తిన చేతితోనే తల్లి కోసం వెతికింది. అప్పుడు గమనించారందరూ, కింద ఉన్నవాడు లేవడం లేదని.

ఇప్పుడు నిజం చెబితే కూతురి మీద మచ్చ పోతుంది. గెలిచి ఎత్తిన ఆ చెయ్యీ కిందికి దిగిపోతుంది. నువ్వు గెలవలేదే, నేను గెలిపించమన్నాను, అని ఏ నోటితో చెప్పడం? చెప్పకపోతే బావ చెయ్యి విరిచిన పిల్లగా బతకాలి. ఏ వైపు లాగినా చిరిగేది కూతురే.

ఆ సాయంత్రం పిడుగు మిషన్ పక్కకు వచ్చి కూర్చుంది. తెగిన దారం ముక్కలు ఏరుతూ ఏరుతూ అడిగింది.

"అమ్మా, నేను ఎక్కువ తిప్పానా? నువ్వు దగ్గరే ఉన్నావుగా. చూసింది చెప్పు. నేను తప్పు చేశానా?"

"నాకేం తెలుసే ఈ ఆటల సంగతి" అంది మిషనమ్మ.

తల్లికి తెలియదంటే తప్పు చేసినట్టే అనుకుంది కాబోలు, పిడుగు ఏరిన దారాలు అక్కడే వదిలి లేచిపోయింది. తను చెప్పింది అబద్ధమని తెలిసిన మిషనమ్మ ఆ దారాలు ఒక్కొక్కటే ఏరి గుప్పిట్లో పెట్టుకుంది.

మీటింగు బడి హాల్లో పెట్టారు. చుట్టి గోడకు నిలబెట్టిన కుస్తీ మ్యాటు తొడుగు మిషనమ్మ కుట్టిందే. ఎదురుగా తన కుట్టే కనిపిస్తుంటే ఆమె ఎటు చూడాలో తెలియక ఒళ్లో చేతులు చూసుకుంది. డాక్టరైన ఒక తల్లి లేచి, వయసు వచ్చేకొద్దీ బరువు ఒకటైనా బలం ఒకటి కాదని చెప్పింది. ఇంకొకాయన, తన కొడుకు ఆడపిల్ల మీద గెలిస్తే సిగ్గంటున్నారు, ఓడితే ఇంకా సిగ్గంటున్నారు, వాడు ఏం చేసి చావాలో మీరే చెప్పండన్నాడు. హాల్లో నవ్వులు వినిపించాయి. ఆయన నవ్వలేదు. కోచ్ మేడం, జట్టుకు సరిపడా ఆడపిల్లలుంటే తానే విడదీస్తాననీ, ఉన్నది ఇద్దరేననీ, ఇప్పుడు విడదీస్తే ఇక మూడో పిల్ల రాదనీ చెప్పింది. పొడుగోడు వదలకూడని చోట చెయ్యి వదిలాడనీ, ఎందుకు వదిలాడో వాడు చెప్పడం లేదనీ కూడా అంది. వదిన లేచి గ్లాసు సంగతి చెప్పి కూర్చుంది.

హెడ్మాస్టరు మిషనమ్మను మాట్లాడమన్నాడు. ఆమె లేచింది. వెనక బెంచీలో కూతురు తల వంచుకుని కూర్చుని ఉంది.

"విడదియ్యాలో వద్దో నాకు తెలీదండీ" అంది. "మా అమ్మాయి ఏ తప్పూ చెయ్యలేదు. వాడు చెయ్యి వదిలింది నా వల్ల. ఆడపిల్ల, దెబ్బ తగలనివ్వకని పొద్దునే వాడితో ఒట్టు వేయించుకున్నాను. వాడు నా మాట నిలబెట్టాడు... వాడి చెయ్యి పడిపోయింది."

వదిన తల తిప్పి చూసింది. "నా కొడుకుతో ఒట్టు వేయించుకున్నావా" అంది. కోపంగా కూడా అనలేదు. సంచీ తీసుకుని బయటికి నడిచింది. ఆవిడ వెనకాలే బెంచీ జరిగిన చప్పుడైంది. మిషనమ్మ తిరిగి చూసేసరికి కూతురు కూర్చున్న చోటు ఖాళీగా ఉంది.

హెడ్మాస్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఈ తల్లి చెప్పిందే అసలు సంగతి అన్నాడు. ఎదుటివాళ్లకు దెబ్బ తగులుతుందేమోనని ఒకరు ఆగి ఆడేచోట ఇద్దరికీ ప్రమాదమే, ఇంట్లో వాళ్లు ఆగి ఆడమని చెబుతూనే ఉంటారు, మనం ఆపలేం, అందుకే విడదీస్తున్నాం అన్నాడు. కూతురిని కాపాడదామని లేచిన మనిషి మాటే కూతురి తలుపుకు తాళమైంది!

ఆ తర్వాతి రోజులు మిషనమ్మకు ఎలా గడిచాయో ఆమెకే తెలియాలి. పిడుగు అరవలేదు, ఏడవలేదు. తిన్న పళ్లెం తనే కడుక్కుంది. బడికి వెళ్లింది, వచ్చింది. పిలిస్తే పలికింది. "అమ్మా" అన్న మాట మాత్రం ఆ పిల్ల నోటి నుంచి మాయమైంది. వదిన కిందికి దిగడం మానేసింది. పెద్ద సోఫా పరుపు ఒకటి దుకాణంలో కొలత తప్పి పక్కన పడేస్తే మిషనమ్మ అడిగి తెచ్చుకుంది. దానికి మ్యాటుకు వేసే కుట్టే వేసి తొడుగు కుట్టి గదిలో పరిచింది. పిడుగు దాని పక్క నుంచి నడిచి వెళ్లిపోయింది. అది అలాగే ఉంది, దుమ్ము పడుతూ.

ఒకరోజు పిడుగు మెట్లు పూర్తిగా ఎక్కింది. మిషనమ్మ పని వదిలి వెనకాలే వెళ్లి, పై గది తలుపు బయట నిలబడిపోయింది.

"ఆ రోజు వదిలావు. మరి అంతకుముందు ప్రాక్టీసులో గెలిచినవి?" అని అడుగుతోంది పిడుగు.

"అంతకుముందువా..." పొడుగోడి గొంతు. "మా అమ్మ టిఫిన్ డబ్బా ఇచ్చినప్పుడల్లా, ఆడపిల్లరా చూసి పట్టుకో అనేది. నేను రోజూ వినేవాణ్ని, రోజూ మరిచిపోయేవాణ్ని. నువ్వు పడేస్తుంటే అవన్నీ గుర్తుంటాయా ఎవడికైనా? ఒట్టు ఒక్కటే గుర్తుంది. మిగతావన్నీ నువ్వే గెలిచావే. బయట చెప్పావంటే ఈ కుడి చేత్తో తంతాను."

"చేత్తో ఎలా తంతావు?"

"అదీ నువ్వే నేర్పాలి."

పిడుగు వాడి ఎడమ చేతిని తన చేతిలోకి తీసుకుని, పట్టుకో అంది. పట్టుకుంటున్నానన్నాడు వాడు. చిటికెన వేలు కదిలిందో, కదిలినట్టు అనిపించిందో... ఇద్దరూ వేలు వంకే చూస్తున్నారు. వంటింటి గుమ్మంలో వదిన నిలబడి ఉంది. కొడుకు అన్నది ఆవిడా విన్నది. తలుపు సందులోంచి ఆడవాళ్లిద్దరి చూపులూ కలిశాయి. టిఫిన్ డబ్బా ఇచ్చినప్పుడల్లా అన్న మాట ఇద్దరి మధ్యా నిలబడి ఉంది. వదిన పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ సాయంత్రం మిషనమ్మ పొయ్యి ముందు ఉండగా గదిలోంచి దుమ్ము దులుపుతున్న చప్పుడు వినిపించింది. తొంగి చూస్తే పిడుగు పరుపు అంచులు సరిచేస్తోంది. జడ ముడి వేసుకుంది. తల్లి వైపు చూడకుండానే అంది.

"అమ్మా, ఇలా రా. ఎదురుగా నిలబడు."

ఆ పిలుపు విన్నాక మిషనమ్మకు స్టవ్ కట్టేయాలని కూడా తోచలేదు. ఎందుకని అడగబోయి ఆగింది. చెయ్యి తడిగా ఉందని కొంగుకు తుడుచుకుంది. పిడుగు ఆ చేతిని తీసి తన మెడ చుట్టూ వేసుకుంది. రెండో చేతిని నడుము మీద పెట్టించింది.

"గట్టిగా. ఇంకా."

"నాకు రాదే... దెబ్బ తగులుతుందే నీకు."

"తగలనీ. నీకూ తగులుతుంది. ఏమైనా సరే వదలకు."

మిషనమ్మ వేళ్లు కూతురి భుజం మీద బిగుసుకున్నాయి. రోజంతా రెగ్జిన్ లాగి లాగి కాయలు కాసిన వేళ్లు. కళ్లలోంచి కారుతున్నది తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

గుమ్మం దగ్గర చప్పుడైంది. వదిన వచ్చి నిలబడింది. కాసేపు చూసింది.

"మోకాళ్లు వంచు అమ్మాయ్. నడుము కాదు, మోకాళ్లు. వాడు అద్దం ముందు చేస్తుంటే చూసి చూసి నాకే వచ్చేసింది."

చెప్పులు విప్పి లోపలికొచ్చింది. మాడుతున్న గిన్నె దించి, స్టవ్ కట్టేసి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

పిడుగు తల్లి చేతిని చంకలో బిగించి నడుము తిప్పింది. మిషనమ్మ కాళ్లు నేల విడిచాయి. చేతులు విడవలేదు.