జల్లెడ మైకు

"హలో... మైక్ టెస్టింగ్" అన్నాడు ఎమ్మెల్యే కోదండపాణి. ఖాళీ మైదానమంతా ఖంగున మోగింది.

"ప్రియమైన ఓటరు మహాశయులారా!"

స్పీకర్లలోంచి "ఓటరు మహాశయులారా" అని మాత్రమే వినబడింది.

"ఇదేమిటమ్మా, 'ప్రియమైన' ఏమైంది?"

"మైకు ఆపేసింది సార్" అంది దాన్ని తయారుచేసిన డాక్టర్ సువర్చల.

ఆ మైకు సంగతి తేలికే. తాను నమ్మని మాట అనబోయే ముందు మనిషి గొంతు కండరాలు లిప్తపాటు బిగుసుకుంటాయి. మైకులోని సెన్సార్ ఆ బిగుతును పట్టేసి మాటను ఆపేస్తుంది. జల్లెడ పడితే పిండి కిందికి దిగి పొట్టు పైనే ఉండిపోతుందే, అలాగన్నమాట. ఎన్నికల సభలన్నిటికీ ఇదే వాడాలని చట్టం వచ్చాక రాష్ట్రంలో సభలు బాగా పొట్టివైపోయాయి.

కోదండపాణి నుదురు తుడుచుకున్నాడు. సాయంత్రం జనం అడగబోయేది ఒక్కటే. రంగుల ఫ్యాక్టరీ వచ్చి కాలవ నీళ్ళు నల్లబడ్డాయి, దానికి అనుమతి ఎవరిచ్చారు? నిజం చెబితే పార్టీ టికెట్ గోవిందా.

"గొంతు బాగాలేదని చెప్పి తప్పుకుంటేనో?"

"ఆ మాటా ఈ మైకులోనే చెప్పాలి కదా సార్!"

సాయంత్రం మైదానం నిండింది. కోదండపాణి మైకు అందుకున్నాడు.

"ఆ ఫైలు మీద సంతకం నాదే. చదవకుండా పెట్టాను."

'చదవకుండా పెట్టాను' అన్నది ఎవరికీ వినబడలేదు.

"పెదాలు కదిలాయి, మాట రాలేదురోయ్!" ముందు వరుసలో ఎవరో అరిచారు. జనం గొల్లుమన్నారు.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "చదివే పెట్టాను. పైవాళ్ళకి భయపడ్డాను. ఇప్పుడూ భయంగానే ఉంది. అయినా రేపు అసెంబ్లీలో లేచి ఆ ఫ్యాక్టరీ మూయమని అడుగుతాను."

ప్రతి అక్షరం వినబడింది. చప్పట్లతో మైదానం దద్దరిల్లింది.

మహిళా సంఘం పెద్ద మంగతాయారు వేదికెక్కి దండ వేసింది. ఆవిడ కొడుకులిద్దరికీ ఆ ఫ్యాక్టరీలోనే ఉద్యోగం. కళ్ళనీళ్ళతో మైకు అందుకుంది. "నీలాంటివాడే మాకు కావాలి నాయనా! ఈసారి మా ఓట్లన్నీ నీకే!"

స్పీకర్లు కిక్కురుమనలేదు.

"కరెంటు పోయిందా?" అంది. అది మాత్రం ఖంగున మోగింది.

సువర్చల తల దించుకుంది. మంగతాయారుకు సంగతి తెలిసి మొహం కందిపోయింది.

"పోనీలెండి పిన్నిగారూ" అన్నాడు కోదండపాణి, నెమ్మదిగా నవ్వి.

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని మళ్ళీ మైకు అందుకుంది.

"పొద్దుటినించీ ఏమీ తిన్నట్టు లేవు. మా ఇంటికొచ్చి రెండు ముద్దలు తిని వెళ్ళు."

ఆ మాట కాలవ అవతలి గట్టుక్కూడా వినబడింది.