పస్తు రోజున నిండిన పొట్టలు

"ఇరవై ఎనిమిది డిగ్రీలు."

"నీళ్ళు సమంగానే ఉన్నాయి."

కోడ్ సరిపోయింది. ఫోన్‌లో చీఫ్ గొంతు తగ్గించాడు. "చేపలు ఈ పురుగుల మందు మోతాదు కూడా తినకపోతే, పదకొండింటికి వాటన్నిటినీ చంపెయ్యమని ఆర్డర్. నీకు గంటే టైముంది."

పిన్ని ఫోన్ పెట్టేసి మేత గిన్నె అందుకుంది. పిన్ని అన్నది ఆమె కోడ్‌నేమ్. తొట్లు కడిగే ఆయా వేషంలో చేరిన రోజు నుంచి ల్యాబ్‌లో అందరూ అలాగే పిలుస్తున్నారు, ఒక్కరికీ అనుమానం రాలేదు.

మూర్ఛకు కొత్త మందును అక్కడి నాలుగు వందల చారల చేపల మీద పరీక్షిస్తున్నారు. ఆ పరీక్షను చెడగొట్టాలని ఒక విదేశీ ముఠా చేపల పేగుల్లోకి పురుగులు ఎక్కించింది. లోపలి మనిషెవరో పట్టుకోవడం పిన్ని పని. ఆ మందు కోసమే ఆమె అక్క కొడుకు మంచంలో ఎదురుచూస్తున్నాడు. ఈ సంగతి చీఫ్‌కి దాచింది. చెప్పుకున్నది ఒక్క చేపల డాక్టరమ్మకే. హైహీల్స్, ఖరీదైన సెంటు, ఎదురుపడితే సెక్యూరిటీ వాళ్ళు కూడా దారి మరిచిపోయే అందం. అయినా రోజూ ఆగి, "బాబుకెలా ఉంది పిన్నీ?" అని అడిగేది.

పురుగుల మందును జెల్లీ మేతలో కలిపి పెడతారు. ముందు రోజంతా చేపల్ని పస్తు పెడితేనే అవి మేత మీద ఎగబడతాయి. పిన్ని మేత చల్లింది. ఒక్క చేపా మూతి పెట్టలేదు. తెల్లటి మేత మునిగి అడుగుకి చేరింది. ఇలా జరగడం ఇది మూడోసారి.

ఆమె పెన్ను టార్చి తీసింది. దాని మొనలో భూతద్దం, కెమెరా ఉన్నాయి. వెలుగులో చేపల పొట్టలు గుండ్రంగా, నారింజ రంగులో కనిపించాయి. అది చేపలకి రోజూ మేతగా వేసే రొయ్యపిల్లల రంగు. పస్తున్న చేపలకి ఎవరో పొద్దున్నే విందు పెట్టారు! రొయ్యపిల్లల గదికి తాళాలు రెండే. ఒకటి తన బొడ్లోనే ఉంది.

రెండోది ఎవరి దగ్గరుందో గుర్తొచ్చింది. పొట్టల ఫోటో తీసి చీఫ్‌కి పంపి పరిగెత్తింది.

పదకొండుకి నిమిషం తక్కువ. అన్ని తొట్లకీ నీళ్ళు వెళ్ళే డ్రమ్ము మీద డాక్టరమ్మ చేపల్ని చంపే మత్తుమందు సీసా మూత తిప్పుతోంది.

"ఆగండి డాక్టరమ్మా."

"చేపలు మందు ముట్టట్లేదు, ఇక పురుగులు పోవు పిన్నీ. నాకూ బాధగానే ఉంది."

"ఆకలుంటే కదా ముట్టడానికి! పొద్దున్నే రొయ్యపిల్లలు మేపిందెవరు?"

డాక్టరమ్మ సీసా వంచింది. పిన్ని చేతిలోని తొట్టి కడిగే గొట్టం ఆమె మణికట్టుకి చుట్టుకుంది. సీసా డ్రమ్ముకి జానెడు దూరంలో నేల మీద పగిలింది. చీఫ్ పంపిన సెక్యూరిటీ లోపలికి దూసుకొచ్చి డాక్టరమ్మని పట్టుకున్నారు.

తలుపు దగ్గర డాక్టరమ్మ వెనక్కి తిరిగింది. "బాబు గురించి అడిగింది మాత్రం నాటకం కాదు పిన్నీ."

పిన్ని వంగి గాజుముక్కలు ఏరసాగింది. ఆ మాట నిజమైనా అబద్ధమైనా ఆమెకి బాధే.

ఫోన్ మోగింది. "శభాష్! మిషన్ అయిపోయింది, చేపల్ని చంపే ఆర్డర్ రద్దైంది. రేపే వచ్చెయ్" అన్నాడు చీఫ్.

"అప్పుడే ఎక్కడ సార్? రేపు పస్తుంచి ఎల్లుండి మందు పెట్టాలి. అది పురుగుల్నే చంపుతుంది, తొట్టి అడుగున పడ్డ వాటి గుడ్లని కాదు. తొట్లన్నీ కడిగి, రెండు వారాలకి ఇంకో మోతాదు పెట్టాలి."

"అది ఏజెంట్ పనా?"

"కాదు సార్, ఆయా పని. ఏజెంట్లు మీకు పదిమంది దొరుకుతారు. తొట్టి అడుగు శుభ్రంగా కడిగేవాళ్ళని ఒక్కరిని పంపండి, వచ్చేస్తా."