కేరాఫ్ సన్యాసిరావు

పరుగు!

టాటానగర్‌లో మాంగో వంతెన మీద బండ్లు కదలడం లేదు. ఆటోలు, మినీ బస్సులు, లారీలు... ఒకదాని వెనక ఒకటి బిగుసుకుపోయాయి. ప్రవీణ్ బైకును రెయిలింగుకి ఆనించి వదిలేస్తాడు. తాళం కూడా తియ్యడు.

పరిగెడుతున్నాడు.

డిసెంబరు. ఆరు కాకముందే చీకటి. కింద సువర్ణరేఖ కనిపించడం లేదు. అవతలి గట్టు నుంచి బొగ్గు పొగ మాత్రం ముఖానికి కొడుతోంది.

"అబే, అంధా హై క్యా!" ఆటోవాడు అరుస్తాడు.

ప్రవీణ్‌కి వినపడదు. చెవిలో ఒకటే గొంతు.

ముప్పావుగంట క్రితం గోవింద్‌పూర్ ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి, గేటు బయట టీ గ్లాసు పట్టుకున్నాడు. ఫోన్ మోగింది. 'పెదనాన్న' అని పడింది.

"ఏటి పెదనాన్నా?"

పెదనాన్న కాదు!

"ప్రవీణ్ కుమార్." హిందీ. తొందర లేని గొంతు. "తండ్రి అప్పలస్వామి. ఎక్స్ఛేంజీలో నీ బిట్‌కాయిన్ ఈ పూటకి పంతొమ్మిది లక్షల పైచిలుకు. సహీ బోలా?"

గ్లాసు చేతిలోనే ఉంది. వేడి తెలియలేదు.

"మీ ఇంట్లోనే కూర్చున్నాం. ముసలాయన మంచం మీద ఉన్నాడు. ముసలమ్మ అంగీఠీలో బొగ్గులు పేరుస్తోంది. నువ్వు రా. నీ మొహం, నీ ఫోన్... రెండే కావాలి. సొమ్ము మా వైపు పడితే మా దారి మాది. పోలీసు కనపడ్డాడో, ముందు ముసలాళ్లు పోతారు."

కట్!

తిరిగి చేశాడు. స్విచాఫ్.

మళ్లీ. స్విచాఫ్!

మీ ఇల్లు అన్నాడు వాడు. అది ప్రవీణ్ ఇల్లు కాదు. ఆధార్‌లో మాత్రం అదే.

శ్రీకాకుళం వైపు తమ ఊరి నుంచి టాటాకు వచ్చిన ప్రతి కుర్రాడి ఆధార్‌లోనూ అదే. కేరాఫ్ సన్యాసిరావు, మాంగో. టాటానగర్ రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన ఆ ఊరి మనిషి, అందరికీ పెదనాన్న. పదకొండు మందికి ఆ ఒక్క గుమ్మమే చిరునామా. ఆధార్‌లో ఫోన్ నంబరూ ఆయనది ఒక్కటే. వచ్చిన కొత్తలో ఎవరికీ సొంత సిమ్ లేదు. తర్వాత మార్చుకోవాలని ఎవరికీ తోచలేదు.

ఓటీపీ కావాలంటే పెదనాన్నకి ఫోన్. ఆయనకి చూపు ఆనదు. పెద్దమ్మ దాలమ్మ చదువుతుంది.

"నాలుగు... సున్న... మళ్లీ సున్న. రాసుకున్నావేట్రా?"

ఎక్స్ఛేంజీలో ఖాతా తెరిచిననాడూ అంతే. గ్రైండర్ పట్టీ పట్టీ ప్రవీణ్ వేలిముద్రలు అరిగిపోయాయి. ఏ మెషీనూ వాటిని పట్టదు. అందుకని మొహం చూపించాడు. కార్డులన్నీ చూపించాడు. నంబరు పెదనాన్నది ఇచ్చాడు. ఆ రోజే దాలమ్మకు గట్టిగా చెప్పాడు.

"పెద్దమ్మా, ఇది నా ఎనిమిదేళ్ల ఓవర్‌టైం. బయటోడు ఎవడడిగినా ఈ నంబర్లు సెప్పకు. సచ్చినా సెప్పకు!"

"నానెందుకు సెప్తాన్రా గుంటడా! నాకు ఆళ్ల హిందీ వస్తే కదా!" అని నవ్వింది. ఇక్కడికొచ్చి నలభై ఏళ్లయినా ఆమె హిందీ కూరగాయల బేరం దాటలేదు.

పదిహేను రోజుల క్రితం ఎక్స్ఛేంజీ నుంచి ఒక మెయిల్ వచ్చింది. క్యాంటీన్‌లో అన్నం తింటూ చదివాడు. కొందరు ఖాతాదారుల వివరాలు బయటికి పొక్కి ఉండవచ్చు... చింతించవద్దు, మీ కాయిన్లు భద్రం.

చెరిపేశాడు. కాయిన్లు భద్రమే కదా!

మనుషుల సంగతి అందులో లేదు.

వంతెన అయిపోతుంది. బజారు. ఎడమకి సందు!

ఇచ్చేస్తాను... అంతా ఇచ్చేస్తాను.

ఎనిమిదేళ్లు పోతున్నాయి. ఏడుపు రావడం లేదు. భయం కూడా రావడం లేదు. కాళ్లు మాత్రం ఆడుతున్నాయి, ఎవరివో కాళ్లలా.

సందులో గుమ్మం గుమ్మానికీ బొగ్గు అంగీఠీలు రాజుకుంటున్నాయి. సన్యాసిరావు గుమ్మం దగ్గర పొగలో ఇంకో వాసన. ప్లాస్టిక్ కాలిన వాసన. పాలిథిన్ వేసి రాజెయ్యడం ఇక్కడ మామూలే. ప్రవీణ్ ఆగడు.

తలుపు తోస్తాడు.

ఇద్దరు!

మంకీ క్యాప్ వేసుకున్నవాడి చేతిలో నాటు పిస్తోలు. తలుపు పక్కన ఒకడు, హెల్మెట్ తియ్యకుండా.

మంచం మీద సన్యాసిరావు.

"ఎందుకొచ్చేవురా! ఎల్లిపో!"

"చుప్, బుడ్ఢే!"

"నీయమ్మా... రైళ్లకి ఎదురు నిలబడ్డోణ్ని. నాకు తుపాకీ సూపిత్తన్నాడు, సూడు!"

దాలమ్మ అప్పటికే అంగీఠీని లోపలికి తెచ్చుకుని, దాని ముందు గొంతుక్కూర్చుంది. ప్రవీణ్‌ని చూసి తల చిన్నగా ఆడిస్తుంది, ఏం ఫరవాలేదన్నట్టు.

"తీసుకోండి, మొత్తం." ప్రవీణ్ హిందీలో అంటాడు. "వీళ్లని ఏమీ చెయ్యకండి."

"సమ్‌ఝ్‌దార్ లడ్కా!" మంకీ క్యాప్ వాడు నవ్వుతాడు.

ప్రవీణ్ యాప్ తెరుస్తాడు. మొహం తెరకి ఎదురుగా... కొంచెం ఎడమకి... కళ్లు ఒకసారి మూసి తెరవండి.

పచ్చ టిక్కు!

మంకీ క్యాప్ వాడు ఫోన్ లాక్కుని తమ వాలెట్ చిరునామా అతికిస్తాడు. మొత్తం. నొక్కుతాడు.

తెర మీద ఒక అంకె. ఓటీపీ పంపించాం. 60.

59... 58...

"ఓటీపీ?"

"నాకు రాదు. పెదనాన్న ఫోన్‌కి వస్తుంది. ఇందాక మీరు చేసిన ఫోన్."

మంకీ క్యాప్ వాడు మంచం వైపు చూస్తాడు. దుప్పటి లాగుతాడు. దిండు విసురుతాడు.

లేదు!

45...

"ఇక్కడే పడేశాను బే! కిధర్ గయా?"

"పెద్దమ్మా, ఫోనేదీ?"

దాలమ్మ పటకారు కోసం చెయ్యి చాపుతుంది.

"పెద్దమ్మా! నానే అడుగుతన్నాను. సెప్పేయ్!"

30...

ఆమె పటకారు తీసుకుని బొగ్గుల్ని కదుపుతుంది. ఎర్రటి బొగ్గుల మధ్య నల్లటి ముద్ద ఒకటి. కరిగి, ముడుచుకుపోయి ఉంది.

ఇంకా కాస్త పొగ వస్తోంది.

"ఆడు నీతో మాటాడి మంచం మీద గిరాటేసేడు. ఆళ్లు అటు సూత్తుంటే కొంగులో దాసి, గుమ్మంలో రాజేసినప్పుడు ఇందులో ఎట్టేసేను." ఆమె గొంతు గుసగుసగా ఉంది. అందులో గర్వం ఉంది. "నువ్వే కదరా అన్నావు... సచ్చినా సెప్పొద్దని. ఇంక ఏటి పట్టుకెల్తారు? నీ కష్టం ఎక్కడికీ పోదు."

"బాగా సేసేవే!" మంచం మీంచి సన్యాసిరావు అంటాడు.

ప్రవీణ్ ఆ ముద్దనే చూస్తున్నాడు.

9... 8...

సిమ్ కూడా అందులోనే.

2... 1...

సమయం ముగిసింది. మీ భద్రత కోసం విత్‌డ్రాయల్ ఇరవై నాలుగు గంటలు నిలిపివేశాం. మీ కాయిన్లు భద్రం.

మంకీ క్యాప్ వాడు రెండుసార్లు చదువుతాడు. ఫోన్ నేల మీద పెడతాడు, నెమ్మదిగా.

"చౌబీస్ ఘంటే."

హెల్మెట్ వాడు మొదటిసారి మాట్లాడతాడు, తన తోటివాడితో. "నీ మొహం ముగ్గురూ చూశారు."

"రేపు ఇస్తాను!" ప్రవీణ్ హిందీలో అంటాడు. "కొత్త సిమ్ తెస్తాను! నన్ను తీసుకుపోండి. వీళ్లని వదిలెయ్యండి..."

"ముసలిది చాలా తెలివైంది." మంకీ క్యాప్ వాడు పిస్తోలు మీట వెనక్కి లాగుతాడు.

టక్!

ప్రవీణ్ రెండు అడుగులు వేస్తాడు. హెల్మెట్ వాడి చేయి వెనక నుంచి మెడకి బిగుసుకుంటుంది. ప్రవీణ్ ఆ చేతిని గోళ్లతో గీరుతున్నాడు. అరిగిన వేళ్లకి ఏమీ తగలడం లేదు.

దాలమ్మ తలెత్తుతుంది.

"ఏటంటన్నాడ్రా ఆడు?"

ప్రవీణ్ గొంతు మామూలుగానే వస్తుంది. అదెలా వచ్చిందో అతనికే తెలియదు.

"ఎల్లిపోతామంటన్నారు పెద్దమ్మా."

"ఎల్లనీ." పటకారు కింద పెట్టి, ఆమె చేతులు అంగీఠీ మీద కాచుకుంటుంది. "నువ్వు అన్నం తినెల్లు."

ఢాం!