కొక్కెం ఊడిన విమానం

ఆయుధ పూజ నాడు పుంగనూరులో కడగని బండి ఉండదు. దేవేంద్ర ఆ పొద్దున టమోటాలు తోలే తన పికప్పును కడిగాడు. స్కూటరు కడిగాడు. అమ్మ కుట్టుమిషనును, నీళ్ల మోటారును తుడిచాడు. చివరగా మేడ మీద అద్దెకుండే మునీశ్వరి విమానాన్ని సబ్బు నీళ్లలో ముంచి, కొబ్బరి పీచుతో రుద్ది రుద్ది కడిగాడు. గొడవంతా అక్కడే మొదలైంది.

విమానమంటే నిజమైంది కాదు లెండి. జానెడు పొడవున్న, లోహంతో పోత పోసిన డైకాస్ట్ మోడల్. ఒకదాని మీద ఒకటిగా రెండు వరసల రెక్కలు, ముందు ఫ్యాను, ఒకే ఒక్క సీటు, తోక కింద చిన్న కొక్కెం. వెనకటి రోజుల్లో సముద్రం మధ్య ఓడల మీద నుంచి ఎగిరిన యుద్ధ విమానానికి నమూనా అది. అలాంటివి ఇప్పుడు వెతికినా దొరకవట. మునీశ్వరి దాన్ని గాజు పెట్టెలో పెట్టి, దుమ్ము కూడా బ్రష్షుతోనే దులిపేది.

మునీశ్వరిది కుప్పం దగ్గర గుడుపల్లె, ఉద్యోగం పుంగనూరులో బ్యాంకులో. ఆ గదిలో చేరి ఏడాదైనా ఆమె కోసం ఒక్క చుట్టమూ మెట్లెక్కి రాలేదు. ఆదివారాలు ఆమె కూడా మెట్లు దిగేది కాదు. దేవేంద్రకి ఈ సంగతి బాగా తెలుసు, ఎందుకంటే ఆదివారాలు అతని కళ్లు ఆ మెట్ల మీదే ఉండేవి.

ఒకసారి ట్యూబ్‌లైటు మార్చడానికి పైకి వెళ్లి అతను ఆ విమానాన్ని చూశాడు.

"ఏం మేడం, ఒక్క సీటే ఉండాది? పక్కన ఎవుర్నీ కూర్చోబెట్టుకోరా?"

"పక్కన మనిషుంటే బరువప్పా. దూరం పోలేదు."

"నా బండిలో రెండు సీట్లుండాయి. ఒకటి ఎప్పుడూ ఖాళీనే. అయినా మదనపల్లె దాటి పోయింది లేదు."

ఆమె నవ్వింది. తర్వాత ఆ కొక్కెం ఎందుకో తనే చెప్పింది. ఓడ మీద అడ్డంగా తాడు కట్టి ఉంటుందట. విమానం దిగేటప్పుడు కొక్కెం ఆ తాడును పట్టుకుంటే ఆగుతుంది. పట్టుకోకపోతే ఓడ దాటిపోయి సముద్రంలో పడుతుంది. దేవేంద్ర ఆ మాటలు సగమే విన్నాడు. మిగతా సగం సేపు, ఈ పిల్ల ఇంత మాట్లాడగలదా అని ఆశ్చర్యపోతూ గడిపాడు.

ఆ తర్వాత వాన పడిన ప్రతి పొద్దునా బ్యాంకు దగ్గర దించుతానని అడిగేవాడు. ఆమె గొడుగు తెరిచి నడిచి వెళ్లిపోయేది.

పండక్కి మునీశ్వరి గుడుపల్లెలో అన్న ఇంటికి బయల్దేరింది. వదినకని కొన్న చీర కవరు చేతిలో పట్టుకుని, నీళ్లొస్తే డ్రమ్ముకు పట్టమని దేవేంద్ర తల్లి చౌడమ్మకు తాళంచెవి ఇచ్చింది. చౌడమ్మ ఆ రోజు చక్రాలున్న దేన్నీ బొట్టు లేకుండా ఉండనివ్వదు. పైనున్న విమానం ఒక్కటే ఉత్తిగా ఉండటం ఆమెకు మనసొప్పలేదు.

"ఒక్కటే పైన యాల ఉండాల పాపం? దాన్నీ కిందికి తీసుకురారా" అంది.

రెండు రోజులుండి వస్తానన్న మనిషి ఆ సాయంత్రమే తిరిగొచ్చింది. వాకిట్లో పికప్పు, స్కూటరు, మోటారు, కుట్టుమిషను వరసగా ఉన్నాయి. వరస చివర ఆమె విమానం ఉంది. రెక్కలకు పసుపు కుంకుమ, మెడలో చామంతి దండ, చక్రాల కింద నిమ్మకాయ. మెచ్చుకుంటుందని దేవేంద్ర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆమె దాన్ని ఎత్తి తిప్పి చూసింది. తోక మీది అంకెలు చెరిగిపోయాయి.

"కొక్కెం యాడ?" అంది.

దేవేంద్ర వంగి నిమ్మకాయ చుట్టూ నేల తడిమాడు.

"కడగమని నిన్ను ఎవురడిగినారు? నాకుండేది ఇదొక్కటే గదా."

అని మెట్ల మీద కూలబడి ఏడ్చేసింది. బొమ్మ కోసం ఇంత ఏడుపా అని చౌడమ్మ బిత్తరపోయింది. చీర కవరు ఇంకా ఆ పిల్ల చేతిలోనే ఉండటం దేవేంద్ర చూశాడు కానీ, అడిగే ధైర్యం చాలలేదు.

ఆ రోజు నుంచి ఆమె అతని వైపు చూడటం మానేసింది. దేవేంద్ర మాత్రం వాకిట్లో నీళ్లు పోయే కాలువను తవ్వి, మట్టిని చేటలో పోసుకుని వెతకడం మొదలుపెట్టాడు. ఏం పోయిందని వీధివాళ్లు అడిగితే ఉంగరమని చెప్పాడు. చివరికి వడ్లగింజంత కొక్కెం దొరికింది. కడిగి, కర్పూరం డబ్బాలో వేసి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఇద్దామనుకునే లోపలే ఆమెకు మదనపల్లెకు ట్రాన్స్‌ఫర్ అయిందని తెలిసింది. తన వల్లే వెళ్లిపోతోందని అతనికి ప్రాణం చివుక్కుమంది.

సామాను మన బండిలోనే దించి రమ్మని చౌడమ్మ చెప్పింది. అలా మునీశ్వరి మొదటిసారి ఆ పక్క సీట్లో కూర్చుంది, విమానాన్ని ఒళ్లో పెట్టుకుని. బయట వాన. బండి ఊరు దాటింది.

"నా మీద కోపంతోనే పోతాండావా?" అన్నాడు చివరికి. మేడం అనడం మరిచిపోయాడు.

"లేదప్పా. ట్రాన్స్‌ఫర్ పండక్కి ముందే అడిగినాను. యాడున్నా ఒకటే గదా అని."

అతను జేబులోంచి డబ్బా తీసి ఇచ్చాడు. ఆమె మూత తీసి చాలాసేపు చూసింది.

"కొక్కెం ఉంటే సాలదు దేవేంద్రా. కింద ఓడ ఉండాల."

అప్పుడు చెప్పింది. ఆ రోజు గుడుపల్లెలో అన్న ఇంటికి తాళం వేసి ఉందట. వస్తున్నానని చెప్పినా వాళ్లు వదిన పుట్టింటికి వెళ్లిపోయారు. నీకు చెప్పలేదా అని పక్కింటామె అడిగితే, మరిచిపోయానని అబద్ధమాడి వచ్చిన బస్సే ఎక్కేసింది.

"ఈడికొచ్చి సూస్తే మీ వాకిట్లో, మీ బండ్ల వరసలో, నా విమానం దండేసుకోనుండాది. అది సూసినాకనే ఏడుపొచ్చింది. కొక్కెం కోసమని మీరనుకున్నారు. నేనూ అట్లే అనుకున్నాను."

దారంతా దేవేంద్ర మనసులో కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ పనికి రాలేదు.

"నాకు మాట్లాడేది రాదు. ఆ సీటు నువ్వెక్కుతావనే ఎవుర్నీ ఎక్కించుకోలా. అంతే" అన్నాడు.

ఆమె కిటికీ వైపు తిరిగింది. మదనపల్లె వచ్చేదాకా వానకేసే చూసింది. ఆమె చేరబోయే హాస్టలు దగ్గర అతను సామాను మోసుకెళ్లి పైన పెట్టి వచ్చాడు. ఆమె అప్పటిదాకా బండి దగ్గరే ఉండి, తర్వాత వెనక్కి చూడకుండా మెట్లెక్కింది.

తిరుగు ప్రయాణంలో వాన ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆ సీటు ఇన్నాళ్లూ ఖాళీగానే ఉండేది, కానీ ఇంత ఖాళీగా ఎప్పుడూ లేదు. దేవేంద్ర అటు చూడలేక, కళ్లు తుడుచుకుని, బండి పక్కకు ఆపాడు.

అప్పుడు కనిపించింది. బండి లోపల, ముందు అద్దం కింద, పూజనాడు ఈ చివరి నుంచి ఆ చివరికి కట్టిన చామంతి దండ ఎండిపోయి దారమే మిగిలింది. విమానం అక్కడ, ఖాళీ సీటుకెదురుగా కూర్చుని ఉంది, రెక్కల మీద కుంకుమతో సహా. తోక కింద కొక్కెం మళ్లీ వచ్చింది. ఎర్రటి స్టిక్కరు బొట్టుతో అతికించి ఉంది. ఆ కొక్కెం దారాన్ని పట్టుకుని ఉంది.

వెంటనే ఆమెకు ఫోన్ చేశాడు.

"విమానం మరిచిపోయినావు."

"మరిచిపోలేదు. దిగింది, ఉండనీ." అంది మునీశ్వరి. "ఆదివారం వస్తాను, అమ్మకు సెప్పు. దాన్ని మాత్రం కడగొద్దు."

ఆ దారం జారిపోకుండా, మలుపుల దగ్గర మరీ మెల్లగా తిప్పుకుంటూ, దేవేంద్ర ఇల్లు చేరాడు.