ఊఁ కొట్టే మనిషి

ఆ రోజు నాలుగో ఆలకింపు ముగిసేసరికి, విన్న దుఃఖాన్ని కొలిచే విరజ మణికట్టు మీది భారసూచి ఎనభై ఒకటి చూపింది. డెబ్బై దాటిన శ్రోత వడపోత గదికి వెళ్లాలి. తొంభై తాకితే కొలువు వదలాలి. ఒంగోలు శ్రవణ కేంద్రంలో పన్నెండేళ్లుగా ఇదే నియమం. అంతకుముందు శ్రోతలు పరుల దుఃఖం మోసి మోసి, నిద్ర పట్టక, మాట పెగలక, ఒక్కొక్కరే మంచం పట్టారు. వడపోత వచ్చాక ఆ బాధ తప్పింది.

విరజ నడవాలోనే నిలబడిపోయింది. వెలిగొండయ్య గొంతు ఇంకా చెవిలోనే ఉంది. భార్య పోయిన ఆ పెద్దాయన ఫోన్ చేయగానే ఆమె అలవాటు చొప్పున మొదట అడిగింది: “మీ ఆవిడ పేరేమిటండీ?”

“నాలుగోసారి అడగతన్నావమ్మా,” అన్నాడాయన, కోపం లేకుండా. “మాలకొండమ్మ.” ఆమె గురించి కొంత చెప్పి, సగంలో ఆపేశాడు. “నీకు చెప్పినా గోడకు చెప్పినా ఒకటే అయింది. రేపు పదింటికి చేస్తా. పేరు గుర్తుంటే మాట్లాడదాం. లేకపోతే ఇంకెవురికీ చెప్పను.”

వడపోత దుఃఖాన్నే కాదు, దానితో ముడిపడిన పేర్లనూ తీసేస్తుంది. పేరు కొక్కెం లాంటిదనీ, అది మిగిలితే బరువంతా మళ్లీ దానికే వచ్చి వేలాడుతుందనీ నిబంధనావళి చెబుతుంది. దస్త్రంలోనూ పేరు రాయకూడదు.

వడపోత గదిలో యంత్రపాలకుడు సుభాన్ సాహెబు, వడపోతకు తలకు తొడిగే శిరఃకవచం తుడుస్తున్నాడు. “రా బిడ్డా, కూర్చో.”

“ఇవాళ వద్దు బాబాయ్.”

“ఎనభై ఒకటుంది. సాయంత్రానికి తొంభై అయితే రేపు నీ కుర్చీలో ఇంకొకరుంటారు.”

“తెలుసు. ఇది పెట్టుకుంటే రేపు ఒకాయన్ని అదే మాట ఐదోసారి అడుగుతాను. ఆయన ఇంక నోరు విప్పడు.”

సుభాన్ కవచాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. పన్నెండేళ్లుగా ఈ గదిలోకి వచ్చినవారెవరూ ఏం మోసుకొచ్చారో ఆయనకు చెప్పలేదు.

“పేరు చెప్పొద్దు, ఊరు చెప్పొద్దు. బరువు మాత్రం చెప్పు, ఊఁ కొడతా. చిన్నప్పుడు నేను ఊఁ ఆపితే మా నానమ్మ కథ ఆపేసేది. ఆ పని నాకు బాగా వచ్చు.”

“మరి మీకెక్కదా?”

“నాకెక్కితే నీకు చెప్తా. అప్పుడు నువ్వు ఊఁ కొట్టకపోతే చూడు.”

విరజ చెప్పింది. ఒక మనిషి ఇప్పటికీ పొద్దున్నే రెండు గ్లాసులు కడుగుతాడని. ఊఁ. రెండోది కడగకపోతే తానే ఆమెను వెళ్లగొట్టినట్టుంటుందని. ఊఁ. సుభాన్ కళ్లు మూసుకున్నాడు.

“నిద్రపోలేదు కదా బాబాయ్?”

“నిద్రపోయేవాడి ఊఁ ముక్కులోంచి వస్తుంది. ఇది గొంతులోది. చెప్పు.”

చెప్పడం పూర్తయ్యేసరికి భారసూచి అరవై ఎనిమిదికి దిగింది. యంత్రం తెర వెలిగింది: వడపోత జరగలేదు. తగ్గుదలకు కారణం తెలపండి. సుభాన్ ఒక్క అక్షరం నొక్కాడు: ఊఁ. కారణం చెల్లదు, మళ్లీ తెలపండి. ఆయన మళ్లీ అదే నొక్కాడు.

మర్నాడు విరజ వచ్చేసరికి తెర ఇంకా కారణం అడుగుతూనే ఉంది. దాని ముందు ఇద్దరు శ్రోతలు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటున్నారు. కవచం కొక్కేనికి వేలాడుతోంది.

పదింటికి పిలుపు వచ్చింది.

“మాలకొండమ్మ గారి గురించి నిన్న సగంలో ఆపారు,” అంది విరజ.

అవతల కుర్చీ దగ్గరికి లాక్కున్న చప్పుడు.

“గ్లాసుల కాడ గదూ ఆపింది?” అన్నాడు వెలిగొండయ్య.

“ఊఁ,” అంది విరజ.